వస్తానని చెప్పి వెళ్ళిన మామయ్య

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న మా మామయ్య, మెక్సికో నుంచి బేరగాడు వస్తున్నాడని తెలిసి ఫోన్లో స్పానిష్ మొదలుపెట్టాడు. రావడమనే క్రియ ఒక్కటే ఆయనకు పట్టుబడింది. అదీ కాలానికో వేషం వేసే క్రియ. "వస్తున్నానంటే బెంగో, వచ్చానంటే బీనే, వస్తానంటే బెన్‌ద్రే" అని అన్నం కలుపుకుంటూ కూడా వల్లించేవాడు.

బేరగాడికి కాయ చూపించి, హోటల్లో దింపి, మన మర్యాద కొద్దీ "బెన్‌ద్రే" అని సెలవు తీసుకుని, ఇంటికొచ్చి పడుకున్నాడు. వస్తానన్నాడు కదా అని ఆ పెద్దమనిషి చీకటి పడేదాకా కింద కుర్చీలో ఎదురుచూశాడు. చివరికి ఇంకో వ్యాపారి ఆయన్ని భోజనానికి తీసుకెళ్ళి బేరం ముగించేశాడు.

"వెళ్తూ వస్తానంటే వాళ్ళకేం తెలుస్తుందండీ?" అని అత్తయ్య దులిపేసింది.

మామయ్య ఏమాత్రం తగ్గలేదు. "బేరం పోతే పోయిందిలేవే. నా భవిష్యత్ కాలంలో తప్పు పట్టమను, చూద్దాం!"