రెండు స్థలాలూ మంచివే

ఆ ఏడు వానలకు మా ఇంటి వెనక గోడ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడ నీడన కట్టేసిన మేక మాత్రం, ఆ పని నేనే చేశానన్నట్టు చాలాసేపు నాకేసి చూసింది.

ఇల్లు కట్టుకోవడానికి సాయం మంజూరైంది గానీ ఎక్కడ కట్టాలో మేమే తేల్చుకోవాలి. మాకు రెండు చోట్లున్నాయి. ఒకటి పైన, కాఫీ తోట అంచున, గోడ కూలిన ఇంటి పక్కనే. రెండోది కింద, అరకు వెళ్ళే తారురోడ్డు మీద. కింద అయితే మా ఆవిడకు రేషను బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని కొండెక్కే బాధ తప్పుతుంది. నాకు టీకొట్టు. చలికాలం పొగమంచు చూడ్డానికి ఊళ్ళనుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళంతా నా దగ్గరే ఆగి టీ తాగుతున్నట్టు నాకు అప్పటికే కనిపించేస్తోంది.

చిక్కల్లా అమ్మతోనే. అమ్మకు చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియదు. అయినా పైన ఆమెను ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించక్కర్లేదు. ఊట దగ్గరికి, పక్కింటి అరుగు మీదికి, కాఫీ పళ్ళు ఆరబెట్టే కళ్ళంలోకి కాళ్ళే తీసుకెళ్తాయి. కింద రోడ్డు మీద లారీలు. అక్కడికి దిగితే, కూర్చోబెట్టిన చోట కూర్చోవడమే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసిన సంగతిని వెనక బెంచీలో కూర్చోబెట్టడం నాకు బడిలో అబ్బిన ఒకే ఒక్క విద్య. ఆరో తరగతి దాకా నేను కూర్చున్నది కూడా అక్కడే.

అమ్మనడిగితే, "మీకెక్కడ బాగుంటే అక్కడే కట్టండి" అంది. అందుకని దేవుణ్ణి అడుగుదామనుకున్నాను. అడగడం తేలికే. జవాబు ఎలా వస్తుందన్నదే నాకు అంతుపట్టలేదు. మా తాత కాలంలో ఇలాంటివన్నీ దిసారి చెప్పేవాడు. విత్తనానికి రోజు, పెళ్ళికి రోజు, ఇంటికి చోటు, అన్నీ ఒక్కపూటలో తేల్చేసేవాడు. మేము చర్చి సంఘంలో చేరాక దిసారిని పిలవడం మానేశాం. ఇంత లోకాన్ని చేసినవాడు ఒక్క ముక్క చెప్పడానికి ఎందుకింత మొహమాటపడతాడో అని నాకు ఒకటే వింత. సంఘంలో ఒక పెద్దావిడను అడిగాను. దేవుడి చిత్తమైతే మనసులో సమాధానం, అంటే నెమ్మది, కలుగుతుంది అంది. టీకొట్టు తలుచుకున్నప్పుడల్లా నాకు సమాధానం పాలు పొంగినట్టు పొంగుతోంది. పొంగిందల్లా దేవుడిదేనా అని మళ్ళీ నాకే అనుమానం.

చివరికి పాత పద్ధతికే వెళ్ళాను. ఇంటి స్థలంలో చిన్న గుంట తీసి, ఆకు పరిచి, రెండు బియ్యపు గింజలు ఒకదానికొకటి ఆనించి పెట్టి, పైన మూతేసి మట్టి కప్పుతారు. తెల్లారి గింజలు కలిసే ఉంటే ఆ నేల మంచిది, విడిపోతే కాదు. పైన స్థలంలో గుంట తీస్తుంటే మా ఆవిడ వచ్చింది.

"ఏటి సేత్తన్నావు?"

"దేవుణ్ణి అడుగుతన్నాను."

"దేవుడు బొరియలో ఉన్నాడేటి?"

నేను పట్టించుకోలేదు. ప్రార్థన చేసి, ఆమేన్ అని, కిందికెళ్ళి అక్కడా అలాగే పెట్టి వచ్చాను. తెల్లారి చూస్తే పైన గింజలు కలిసే ఉన్నాయి. పరుగున కిందికెళ్ళి చూస్తే అక్కడా కలిసే ఉన్నాయి. కొత్తగా పెళ్ళయినవాళ్ళలా అతుక్కుని ఉన్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని పట్టుకున్నాను. ఆయన పెదబయలు వైపునుంచి పాత బండి మీద వస్తారు. ఆ బండి స్టార్టవడం కూడా విశ్వాసం మీదే. జరిగిందంతా చెప్పి, "రెండూ మంచివేనంట. ఇదేం జవాబండీ అయ్యగారూ?" అన్నాను.

ఆయన బండి తన్నడం ఆపారు. "నేల మంచిదా అని అడిగావు. నేల పాపం ఏం చేసిందని చెడ్డదవుతుంది? నువ్వు అడగాల్సింది అది కాదేమో తమ్ముడూ."

"మరేటడగమంటారు?"

"కొన్నాళ్ళు ఏమీ అడక్కు. పొద్దున్నే కూర్చుని నోరు మూసుకో. నువ్వు ఫోన్ చేసి, నీ మాట అయిపోగానే పెట్టేసే రకం. అవతలివాళ్ళు ఎప్పుడు మాట్లాడాలి?"

నోరు మూసుకోవడం నా వంటికి పడని వైద్యం. అయినా మొదలెట్టాను. మొదట్లో దోమలు తప్ప ఏమీ వినబడలేదు. మా అమ్మయితే వచ్చి నా నుదురు తడిమింది.

"ఏట్రా గుంటడా, జొరమేటి? పలకవు?"

తర్వాత తర్వాత కొన్ని వినబడసాగాయి. అమ్మ అడుగులు ఈడ్చుకుంటూ గుమ్మం దాటడం. మిరియం తీగ పాకిన సిల్వరోకు చెట్టును అరచేత్తో తట్టి, దారి మళ్ళడం. "ఏటొదినా, సోళ్ళు దంపుతన్నావా?" అని పక్కింటివైపు కేకేయడం, అటునుంచి నవ్వు. ఈ చప్పుళ్ళన్నీ రోజూ ఉన్నవే. నా గొంతు వాటి మీద మూతేసి ఉంచింది, అంతే.

ఒకరోజు ఆమె వెనకే నడిచాను. ఊటకు పోయే దారిలో ఆమె ఎక్కడా తడబడలేదు. వేరు తగిలి నేనే బోర్లాపడబోయాను.

అమ్మ తిరగకుండానే అంది: "నన్ను కాపలా కాత్తన్నావేటి?"

"లేదే, నీళ్ళు తెద్దామని."

"మరి బిందె సప్పుడేదీ?"

ఆమె వంగి, చిన్న బిందె ముంచి, చంకనెత్తుకుని నన్ను దాటుకుంటూ పోయింది. ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. కానీ అక్కడే నిలబడి మళ్ళీ టీకొట్టు తలుచుకుంటే, కార్లు కనిపించాయి, గ్లాసులు కనిపించాయి, అమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం కనిపించలేదు. పొయ్యి పక్కనా? బల్ల కిందా? ఎక్కడ పెట్టినా మూటలాగే ఉంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మా ఆవిడతో, "పైనే కట్టేద్దామా?" అన్నాను.

ఆమె కూర కలుపుతూ, "గోడ కూలిన మర్నాటి నుంచీ దేవుణ్ణి అదే అడుగుతన్నాను" అంది.

"నువ్వు కిందే కావాలన్నావు కదే?"

"నాకు కావాలన్నాను. అడిగింది ముసిలామె కోసం."

"నాతో సెప్పొచ్చు కదా."

"సెప్పడానికి సందేదీ? నువ్వు నోరు మూత్తే కదా."

కూలిన గోడకు అడ్డంగా టార్పాలిన్ కట్టుకున్నాం. దాని అవతల నుంచి అమ్మ గొంతు వచ్చింది: "నాను కిందే అడిగినాను. మూటలు మోసి మోసి కోడలి నడుం పోతంది. రోడ్డు మీదైతే ఆటో దిగి ఇంట్లోకే." ఆ వెంటే అమ్మ టార్పాలిన్ తప్పించుకుని లోపలికొచ్చింది.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన తగువు లాంటిది నేనెక్కడా చూడలేదు. ఇద్దరూ ఎదుటిమనిషికి సుఖముండాలని పోట్లాడుకున్నారు. ఒకే ఇంటినుంచి ఇలా ఎదురెదురు ప్రార్థనలు వెళ్తే దేవుడు దేన్ని వింటాడో అని, మధ్యలో కూర్చుని నేను ఆలోచిస్తున్నాను. తన కోసం తాను అడుక్కున్నది నేనొక్కణ్ణే. నా అర్జీ ఎటూ చెల్లలేదు.

ఆఖరికి మా ఆవిడ గరిటె కింద పెట్టి అంది: "అత్తా, రోడ్డు మీద నువ్వు గుమ్మం దాటలేవు. పైనే కడదాం. మూటలంటావా, ఈడున్నాడు. ఈడు మోత్తాడు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అమ్మకు చూపు లేకపోయినా సరిగ్గా నా మీదికే తిరిగింది. ఇన్నాళ్ళూ స్థలం చూపించమని అడిగాను. దేవుడు నా భుజం చూపించాడు. అది ఆయన మాటో, వీళ్ళిద్దరి కుట్రో, రెండూ ఒకటేనో నాకిప్పటికీ తెలియదు. మూట ఎత్తిన ప్రతిసారీ ఆలోచిస్తూనే ఉంటాను. "మోత్తాను" అన్నాను.

మేస్త్రీ వచ్చి, మేకులు కొట్టి, తాడు కట్టి, గుమ్మం ఎటు పెట్టాలని అడిగాడు. నేను నోరు తెరవబోయి అమ్మను చూశాను. ఆమె తాడు మధ్యలో నిలబడి, తల కాస్త వంచి, కాసేపు విన్నది.

"ఇటు పెట్టు. నీళ్ళ సప్పుడు ఇటున్నాది" అని, కాలి బొటనవేలితో తాడు తడిమి, దాన్ని దాటి, బిందె పుచ్చుకుని వెళ్ళిపోయింది.