ఐస్‌క్రీం పెట్టెలో అయివారి వడగల్లు

అందరూ బాగుండారా. కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీ డూటీలకు పోయే పిల్లోల్లు, కండ్ల మంట తగ్గిందా. ప్రొద్దుటూరు గుడ్డలంగళ్ళలో పొద్దంతా నిలబడే ఆడపిల్లలు, కాళ్ళ వాపులు ఎట్లుండాయి. పులివెందుల పక్కకు కాపురాలకు పోయినోళ్ళు, మీ బిడ్డల జరాలు నయమైనాయా. గొర్రెల ఎనక తిరిగేటోళ్ళు, మీరు ఎట్లుండారో అని నాకు దినామూ దిగులే. బాగలేకపోతే దాచిపెట్టద్దండి.

ఇంతమందిని ఎందుకు అడుగుతాండానంటే, అసలు మాట రాయడానికి చెయ్యి రాలేదు. మన బడిలో సైన్సు చెప్పిన అయివారు పోయినాడు. మన ఊరి బడి ముందరే, వడగల్ల రాళ్ళవాన ఎలిసినంక, పిడుగు పడి.

ఆయప్ప కాడ సదువుకున్నోళ్ళంతా ఆయప్ప మింద తలా ఒక ముక్క రాయాలని ఊర్లో అనుకున్నారు. నేను ఆయప్ప కాడ సదువుకున్నదాన్ని కాదు, మూడో తరగతిలోనే బడి మానేసినా. అయినా ఆయప్ప చెప్పిన పాఠం ఒకటి నాకు వచ్చు. అది మరిచిపోకముందే రాయాల.

కొన్నేండ్ల కింద మా మరిది గొర్రెలు మేపుతా, వానకు ఏపచెట్టు కిందికి పోయి, మందనంతా దగ్గరికి తోలుకొని గొంగడి కప్పుకున్నాడు. మా వాళ్ళంతా చేసే పనే అది. పిడుగు చెట్టు మింద పడింది. మరిదీ గొర్రెలూ ఒకే కుప్పగా పడినారు. అప్పటినుంచి మబ్బు కమ్మి మోడం పడితే చాలు, పిడుగు పడకూడదని రోకలి తీసి వాకిట్లోకి ఇసిరేసేదాన్ని, అర్జునుని పేర్లు చెప్పుకుంటా గడపలోనే నిలబడేదాన్ని. మా చిన్నోడు కూడా గొర్రెలే మేపుతాడు మరి.

మరిది దినాలు అయినంక అయివారు మా ఇంటికి వచ్చినాడు. ఆయప్పది రాజుపాలెం, దినామూ బండి మీద మా ఊరి బడికి వచ్చేటోడు. పలకరించి పోతాడనుకున్నా. గోడకు తగిలించిన గొంగడి చూసి, "అక్కా, చలికాలంలో దీన్ని ఇదిలిస్తే చిటచిటమంటాది గదా" అనె.

"అంటాది. ఎంటికలు కూడా లేస్తాయి."

"మోడంలో కూడా అదే సంగతి. ఆడ గొంగడి బదులు ఐసు ఉంటాది."

నాకు కోపం వచ్చింది. సచ్చిన ఇంట్లో ఐసు మాటలేంది అనుకున్నా. అయినా ఆయప్ప కూర్చొని నిదానంగా చెప్పినాడు. ఎంత ఎండాకాలమైనా మోడం పైబాగాన గడ్డకట్టే చలి ఉంటాదంట. ఆడ సన్న మంచు పలుకులు ఉప్పుకల్లు మాదిరి గాలికి పైకి లేస్తాంటాయి. తడి అంటుకొని బరువైన లావు గడ్డలు కిందికి దిగుతాంటాయి. ఎక్కేవీ దిగేవీ ఒకదానికొకటి తగులుకుంటాయి.

"ఇరుకు దోవలో రెండు మందలు ఎదురుపడితే ఏమైతాది అక్కా?"

"రాసుకుంటాయి. దీని బొచ్చు దానికి అంటుకుంటాది."

"అంతే. తగులుకొని ఇడిపోయేటప్పుడు సన్నవి ఒక రకం కరెంటు ఎత్తుకొని పైకి పోతాయి, లావువి ఇంకో రకం ఎత్తుకొని కిందికి వస్తాయి. పైన ఒక కుప్ప, కింద ఒక కుప్ప. ఆ రెండూ ఓర్చుకోలేనంత పెరిగిన రోజు పిడుగు."

"ఐసు సల్లగా ఉంటాది గదా సారూ, దాంట్లో కరెంటు ఎట్ల పుడతాది?"

ఆయప్ప నవ్వినాడు. "తగిలేటప్పుడు ఒకటి ఎందుకు ఇస్తాది, ఇంకోటి ఎందుకు తీసుకుంటాది అనేది పెద్ద సదువులోళ్ళకు కూడా ఇంగా పూర్తిగా తేలలేదక్కా. నీకు వచ్చిన అనుమానమే వాళ్ళకూ ఉంది."

పోతా పోతా వాకిట్లో రోకలి చూసినాడు. తిడతాడేమో అనుకున్నా. "అర్జునుని పేర్లు చెప్పుకో అక్కా, తప్పేంలేదు. గడపలో నిలబడి కాదు, లోపలికి పోయి కూర్చొని చెప్పుకో" అనె.

ఆ తర్వాత ఆయప్ప గొర్రెలోళ్ళ ఎంట పడినాడు. చెట్టు కిందికి పోవద్దండి, గొర్రెలను ఇడిసిపెట్టి బడి వరండా లోపలికి రాండి అని. "గొర్రెలను ఇడిసిపెట్టి రమ్మంటాడు, జీతం వచ్చేటోడు" అని ఎనకాల ఎక్కిరించేటోళ్ళు. ముందర ఎక్కిరించినా ఆయప్ప మానేటోడు కాదు. ఇంకో మాట కూడా చెప్పేటోడు. రాళ్ళు పడిపోయినాయి, వాన ఎలిసింది అని బయటికి రావద్దు. లావువి రాలినా, సన్నవి పైనే ఉంటాయి, వాటి కరెంటు వాటి కాడే ఉంటాది. ఆకరి ఉరుము అయినంక అరగంట లోపలే కూర్చోవాల.

ఆయప్పకు ఒక పిచ్చి ఉండేది. వడగల్లును కోసి చూపించాలని. లోపల ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, మాదిరి పొరలు పొరలుగా ఉంటాదంట, మోడంలో ఎట్ల పెరిగిందో దాంట్లో కనపడతాదంట. రాళ్ళవాన పడినప్పుడల్లా టిపిని డబ్బా పట్టుకొని వరండాలో కూర్చునేటోడు. అరగంట ఆగి బయటికి పోతే యాడుంటాయి, మన ఎండలకు అన్నీ కరిగిపోయుండేవి. "ఎప్పుడు చూసినా నాకు నీళ్ళే దొరుకుతాయక్కా" అనేటోడు. రిటైరు అయినంక కూడా మోడం పడితే బండేసుకొని మా బడికే వచ్చేటోడు.

ఆయప్ప పోయిన పొద్దు మా చిన్నోడు బడి వరండాలో పక్కనే ఉండాడు. గొర్రెలను మైదానంలో ఇడిసి లోపలికి వచ్చినాడంట. రాళ్ళు నిమ్మకాయలంత పడినాయి. నిలిచినంక ఎండ కూడా వచ్చింది. అయివారు లేసి నిలబడినాడు.

"సార్, ఇంగా ఉరుముతాంది."

"దూరంగా ఉందిలేరా."

"మీరే గదా సార్ చెప్పేది."

"ఒక్కటి. ఒక్క గడ్డ తెచ్చుకొని వస్తా. నువ్వు మాత్రం కదలద్దు."

కదలద్దు అని వానికి చెప్పి, ఆయప్ప పోయినాడు. వంగి ఒక గడ్డ డబ్బాలో ఏసుకొని, మూత పెట్టి, మావాని పక్కకు తిరిగి డబ్బా ఎత్తి చూపించినాడంట. అంతే. ఆటోలో ప్రొద్దుటూరికి తీసుకపోయినా లాభం లేకపాయె.

అయివారి దినాలు అయిపాయె. తర్వాత మావాడు అన్న మాట ఒకటే. "అంత తెలిసినోడే పాయె. ఇంగ తెలుసుకొని ఏమి లాభంమా." మిగతా గొర్రెలోళ్ళు కూడా అదే మాట అనుకుంటాండారు. మొన్న మోడం పడితే ఇద్దరు మళ్ళా చెట్టు కిందికి పోయినారు. నాకు అన్నం పోలేదు. వానలు ఇంగా ముందరుండాయి. ఆయప్ప చెప్పిన మాట తప్పయి పిడుగు పడలేదు నాయనా, ఆయప్ప ఆగలేదు కాబట్టి పడింది, అని వానికి చెప్పినా. వాడు మొగం తిప్పుకున్నాడు.

పోయిన వారం ఉప్పు కోసం బడి పక్కన శెట్టి అంగడికి పోయినా. "అవ్వా, మీవాని డబ్బా ఇంగెన్నాళ్ళు పెట్టుకోవాల?" అనె శెట్టి. ఏ డబ్బా అన్నా. ఐస్‌క్రీం పెట్టె తెరిచి చూపించినాడు. పుల్ల ఐసుల పక్కన అయివారి టిపిని డబ్బా. ఆటో వచ్చేలోపల మావాడే తెచ్చి పెట్టినాడంట. "దినామూ గొర్రెలు తోలుకపోతా వచ్చి, మూత తీసి చూసి పోతాడు." అన్నాడు.

నేనూ చూసినా. తెల్లగా, ఒక పక్క కొంచెం కరిగి, ఉండాది.

అయివారి భార్యకు ఫోను చేసి చెప్పినా. ఆయమ్మ అంతా ఇని, "పారేయొద్దక్కా. నేనొచ్చి కోస్తా, ఆయన కోసి చూపించాలనుకున్నోళ్ళ ముందర" అనె. మావానికి చెప్తే, "గొర్రెలోళ్ళందరినీ పిలుచుకొస్తా" అన్నాడు.

నాకు ఇప్పుడు ఒకటే దిగులు. కరెంటు పోతే ఎట్ల అని. దినానికి నాలుగుసార్లు అంగడికి పోయి, పెట్టె మింద చెయ్యిపెట్టి, లోపల గుర్రుమంటాందా లేదా అని చూసి వస్తాండా. శెట్టి నవ్వుతాడు, నవ్వనీ. సల్లదనం నిలబడాలని మా ఇంటి గొంగడి కూడా మడతేసి ఆ పెట్టె మింద కప్పొచ్చినా.

మీరంతా కూడా బడి కాడికి రాండి. ఆయమ్మ వచ్చేది ఈ ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే.