డిసెంబరు ముప్పై ఒకటి పెళ్లి

అమెరికాలో మా టకోమా రేవులో మారిట్ కత్తెర కింద తల పెట్టని మగాడు లేడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నోరు తెరిస్తే సందడే. ఆమె సెలూన్లోనే ఓ మూల బల్ల వేసుకుని నేను జనాలకి పన్నుల కాగితాలు రాసిపెడుతుంటాను. మొన్న డిసెంబరు ముప్పై ఒకటిన, క్రేన్ నడిపే వింకోతో కోర్టులో ఆమె పెళ్లయింది. సాక్షిని నేనే. "ఏడాది దాటకముందే చేసుకుంటే పన్ను తగ్గుతుందే" అని వింకో ఒకటే తొందర. నిజమే. ఆఖరి రోజున పెళ్లయినా పన్నువాళ్ల లెక్కలో ఏడాదంతా పెళ్లయినట్టే.

మార్చిలో ఇద్దరి కాగితాలూ కలిపి చూస్తుంటే ఒక అంకె దగ్గర నా కలం ఆగిపోయింది.

"మారిట్, కిందటేడు జనవరిలో రాత్ రిటైర్మెంట్ ఖాతాలో ఎనిమిది వేల డాలర్లు వేశావా?"

"వేశానే! టిప్పులన్నీ కూడబెట్టి. ముసలితనంలో పన్ను లేకుండా తీసుకోవచ్చని నువ్వేగా చెప్పావు!"

"అప్పుడు ఒంటరిదానివి తల్లీ! ఇప్పుడు వింకో జీతం కలిసింది. ఇంత రాబడి ఉన్నవాళ్లు అందులో ఒక్క డాలరూ వేయకూడదు. అలాగే ఉంచితే ఏటా నూటికి ఆరు జరిమానా."

అప్పుడే కుర్చీలో కూర్చున్న వింకో బట్టతలకి, గొరగడానికని సబ్బు నురగ పట్టించి ఉంది. మారిట్ దువ్వెనతో ఆ తలమీద ఒక్కటిచ్చింది.

"ఒక్కరోజు కాపురానికి ఏడాది జరిమానానా? నా పేరున ఉన్నది ఆ డబ్బొక్కటేనయ్యా! పో, నీ ఉంగరం నువ్వు పట్టుకుపో!"

ఉంగరం తీయబోతే వేలికి ఇరుక్కుంది. కళ్లల్లో నీళ్లు. నురగలోంచి వింకో గుడ్లప్పగించి చూస్తున్నాడు పాపం.

"ఆగవే మహాతల్లీ!" అని అరిచాను. "ఏప్రిల్ పదిహేను లోపల బ్యాంకుకి చెప్తే, ఆ డబ్బూ దానిమీద వచ్చిందీ మామూలు రిటైర్మెంట్ ఖాతాలోకి మార్చేస్తారు. ఆ డబ్బుకి పన్నులో మినహాయింపు రాదు గానీ, జరిమానా అసలే ఉండదు. ఎప్పుడు వేశావు, ఎంత మార్చావు, ఎందుకు మార్చావు అని ఓ ఉత్తరం రాసి పన్ను కాగితాలకి జతచేస్తాను. ఇక అది మొదటిరోజు నుంచీ ఆ ఖాతాలోనే ఉన్నట్టు లెక్క!"

మారిట్ చీపురు పట్టుకుని సెలూనంతా గంతులేసింది. "ఎందుకు మార్చావంటే, ఈ మొద్దుని ప్రేమించానని రాయవే!" అంది. రాశాను. పెళ్లయింది, రాబడి పెరిగింది అని దాని పక్కనే పద్ధతిగా కూడా రాశాను.

వింకో నురగ తుడుచుకుని నా బల్ల దగ్గరకొచ్చాడు.

"అమ్మాయ్, ఆ కాగితం మాకూ ఒకటి రాసిపెట్టవా? పంతొమ్మిదేళ్లుగా మూడు వారాలకోసారి ఇక్కడికొచ్చి కూర్చుంటున్నాను, నోరు విప్పకుండా. మొదటిరోజు నుంచీ దీని మొగుణ్నే అని రాయి."

మారిట్ చేతిలోంచి చీపురు జారిపోయింది.

"ఆ రోజే చెప్పి ఉంటే," అంది, "నీకు జుట్టుండగా కాపురం చేసేదాన్ని కదయ్యా!"

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఉంగరం ఇంకా వేలికే ఉంది.