ముంత లేని గొల్లభామ

నేసేవాడి ఇంట్లో నేసిన బట్ట ఉండదు. మా బాపు నలభై ఏళ్లకు పైగా గొల్లభామ చీరలు నేశాడు. ఒక్కటి కూడా మా గడపలో నిలవలేదు. ఊళ్లు దాటి ఎవరెవరి భుజాల మీదికో వెళ్లిపోయాయి. నన్ను కన్న మా అవ్వ మాత్రం అంచు లేని ముతక చీరలతోనే కాలం గడిపింది. బాపు చేతి బొమ్మ మీ ఇంట్లో ఒక్కటైనా ఉందా అని ఎవరైనా అడిగితే నేను నా రొమ్ము మీద చెయ్యి పెట్టుకునేవాణ్ణి. "గీ బొమ్మ ఒక్కటే అమ్ముడుపోక మిగిలింది" అనేవాణ్ణి.

యుద్ధం వచ్చాక సిద్దిపేటలో నూలుకు కరువొచ్చింది. సగం మగ్గాలు ఆగిపోయాయి. మాకు రెండుండేవి. పని లేని దాన్ని విప్పి అటక ఎక్కించాం. బాపు కళ్లు అప్పటికే పోయాయని చెప్పను గాని, దగ్గరి పోగు ఆనేది కాదు. నలభై ఏళ్లు దాటిన నా చేతికి మిగిలిన మగ్గం అప్పగించి ఆయన దిగిపోయాడు. దూరం మాత్రం బాగానే కనపడేది. వీధి మలుపులో వచ్చేది ఎవరో, ఏం తింటూ వస్తున్నారో కూడా చెప్పేవాడు.

మగ్గం తీసేసిన ముందటి అర్ర బోసిపోయింది. గోడకు సున్నం వేద్దామని సామానంతా బయట పెట్టిన రోజున అవ్వ బట్టలు దాచుకునే సందుగ అడుగున ఒక గుడ్డ దొరికింది. జానెడు వెడల్పు, మూడు మూరల పొడవు. షావుకార్లకు చూపించడానికి నేసే నమూనా గుడ్డ అది. తెల్లటి నేత మీద ఎర్ర, పచ్చ, నల్ల పోగులతో తొమ్మిది మంది గొల్లభామలు, ఒకరి పైన ఒకరు. గొల్లభామంటే చల్ల అమ్మబోయే మనిషి. నెత్తిన ముంత ఉండి తీరాలి. కింది నుంచి లెక్కపెడుతూ పోయాను. ఏడో ఆమె నెత్తి ఖాళీగా ఉంది. ముంత లేదు. అందువల్ల ఎనిమిదో ఆమె పాదాలు తిన్నగా ఏడో ఆమె కొప్పు మీదే ఆనాయి.

బాపు వయసులో ఉన్నప్పుడు నేసిన గుడ్డ. ఇక ముందు ఆయన నేయబోయేది లేదు. నేను రెండు వెదురు బద్దలు చెక్కి, ఒకటి పైన, ఒకటి కింద కట్టి, సున్నం ఆరిన గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. గడపలో కాలు పెట్టగానే తొమ్మిది మందీ ఎదురొచ్చేవాళ్లు.

బాపు బయటి నుంచి వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"ఎవడు తీసిండు దీన్ని?"

"నేనే బాపు. ఎంత మంచిగున్నది చూడు."

"ఏడోదాని నెత్తి చూసినవా?"

"చూసిన."

"చూసి గూడ ఎక్కించినవా? తియ్యి. గల్లీ వాళ్లంత వచ్చేది గీ అర్రలకే."

ఆయన మాటలో న్యాయముంది. మా వీధిలో ఎవరు మగ్గం మీంచి బట్ట దింపినా ముందు బాపు దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆయన కళ్లు మూసుకుని అంచు వెంట వేలు జరిపేవాడు. వేలు ఆగిందంటే అక్కడ పోగు తప్పినట్టే. ఆయన "మంచిగున్నది" అంటేనే ఆ బట్ట షావుకారు దగ్గరికి పోయేది. పదిమంది తప్పులు పట్టేవాడి తప్పును నేను తీసుకెళ్లి గోడకెక్కించాను.

"నాలుగు రోజులు ఉండనియ్యి బాపు" అన్నాను. ఏ నాలుగు రోజులో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి మనిషి వచ్చాడు. వరసకు బావ. గోడ చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంది బావా గిది? అత్త కోడలి నెత్తినెక్కి నిలవడ్డదా?"

లోపల బాపు దగ్గు వినిపించింది. బాపు పరువు కాపాడాలి కదా. "ఏం చెప్పాలె బావా" అని మొదలుపెట్టాను. "దీనికి గూడ ముంత ఉండె. మా బాపు ఎంత అచ్చంగ నేసిండంటె, అండ్ల సల్ల ఉన్నదనుకొని ఒక పిల్లి వచ్చి నాకింది. నాకంగ నాకంగ ముంతే పోయింది."

"పోగులు గూడ నాకిందా?"

"ఆకలి మీదున్న పిల్లి బావా. పోగని చూస్తదా, పాలని చూస్తదా?"

బావ నవ్వుకుంటూ పోయాడు. అక్కడితో ఆగాల్సింది. కొండపాక నుంచి వచ్చినాయనకు, ఏడో ఆమె మీ ఊళ్లోనే చల్లతో పాటు ముంత కూడా అమ్ముకుని వచ్చిందని చెప్పాను. ఆయన కొన్నవాళ్ల ఇల్లు ఏదని అడిగాడు, అదీ చెప్పాను. నీళ్లకు పోతూ ఆగిన ఆడవాళ్లకు మాత్రం ఇంకోటి చెప్పాను. "పెండ్లాం నెత్తి మీద బరువుండొద్దని మా బాపు అవ్వ కోసం నేసిండు. అందుకే ముంత పెట్టలే." వాళ్లు అవ్వ దిక్కు చూసి ముసిముసిగా నవ్వారు. అవ్వ అప్పుడు నెత్తిన నీళ్ల కుండతోనే లోపలికి వస్తోంది.

ఆ పూట అన్నం ముందు కూర్చుని బాపు అన్నాడు: "నేను తప్పు ఒక్కటే నేసిన. నువ్వు దాని మీద రోజుకొకటి నేస్తున్నవు. ఊళ్లె నూలు లేకున్నా నీ మగ్గం ఆగుతలేదు."

అవ్వ నవ్వు ఆపుకోలేక పొయ్యి దిక్కు తిరిగింది. నేనూ నవ్వాను. బాపు నవ్వలేదు.

నాలుగైదు రోజులకు వీధి చివరి పెద్దమనిషి ఒకాయన బట్ట తెచ్చాడు. బాపు వేలు అంచు వెంట పోయి ఒకచోట ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను. "గీడ పోగు..." అన్నాడు బాపు. ఆ పెద్దమనిషి ఊరికే తలెత్తి గోడ వైపు చూశాడు, అంతే. బాపు వేలు తీసేశాడు. "మంచిగనే ఉన్నది, తీస్కపో" అన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏ బట్ట తెచ్చినా ముట్టుకోకుండానే మంచిగుందన్నాడు. ముందటి అర్రలోకి రావడమే మానేశాడు.

అప్పుడైనా నేను ఆ గుడ్డ దింపాల్సింది. చెయ్యి రాలేదు. మడత పెడితే మళ్లీ సందుగ అడుక్కు పోతుంది. బాపు నలభై ఏళ్ల చేతిపనిలో నా కంటికి మిగిలింది అదొక్కటే.

ఒక పొద్దున బాపు నా మగ్గం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "పొద్దు గూకేదాక చూస్త. గప్పటికి గోడ మీద ఉంటె పొయ్యిల పెడుత" అన్నాడు. బాపు ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు. ఇంట్లో ఆ పని నాది.

ఆ మధ్యాహ్నమే మా ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. ఎర్రవల్లి నుంచి ఒక రైతు ఇంటామె, చంకలో మూటతో దిగింది. ముందటి అర్రలో కూర్చుని మూట విప్పితే నూలు. వాళ్ల పత్తి, వాళ్ల ఇంట్లో వడికిన నూలు. అంత నూలు ఒకచోట చూసి మాకు ఎన్నాళ్లయిందో. మగ్గం మీద ఉన్నది ఆ వారంతో అయిపోతుంది. ఆ తర్వాత నేను కూడా అటక ఎక్కాల్సిందే.

"మా బిడ్డ అత్తగారింటికి పోతది" అందామె. "దానికొక చీర కావాలె. అంచుకు గా గోడ మీది బొమ్మ కావాలె, ముంత లేనిది. పెండ్లాం నెత్తి మీద బరువుండొద్దని పెద్దయ్య నేసిండట గద. మా ఊరంత చెప్పుకుంటున్నరు."

నా అబద్ధం ఎర్రవల్లి దాకా నడిచిపోయి, అక్కడి నుంచి బండెక్కి తిరిగొచ్చింది. "అవునక్కా, అవును" అంటూ నేను నూలు మీద చెయ్యి వేశాను. లోపల్నుంచి బాపు వచ్చాడు. చాలా రోజుల తర్వాత ముందటి అర్రలో కూర్చున్నాడు.

"బిడ్డా, గది బరువు దించుడు కాదు. తప్పు. నా చెయ్యి తప్పింది."

నేను దగ్గాను. ఆయన నా వైపు చూడలేదు.

"బొమ్మ నేసేటప్పుడు మేం నోటితోని చెప్పుకుంట నేస్తం. పాదం, కుచ్చిళ్లు, నడుము, రైక, మొకం, కొప్పు, ముంత. ఒక్కోదానికి ఇన్ని పోగులని లెక్క. నోరు ఏది అంటే చెయ్యి అది నేస్తది. ఆనాడు కొప్పు అయింది. ముంత అనబోతున్న. లోపల్నుంచి ఎవరో 'ముంత ఏడున్నది?' అని అడిగిన్రు. 'ముంత గూట్ల ఉన్నది' అన్న. నోరు ముంత అన్నది గద, చెయ్యి అయిపోయిందనుకున్నది. పాదం ఎత్తుకున్నది. రెండు బొమ్మలు అయినంక చూసుకున్న."

"ఎవరో ఏంది?" అంది అవ్వ, గడపలోకి వచ్చి. "నేనే అడిగిన. గీ ఇంట్ల ఇంకెవరున్నరు గప్పుడు? ఆనాటి నుంచి మగ్గం ఆడంగ దాన్ని 'గది' అనే అంటున్న."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో మగ్గం చప్పుడు వినపడుతుంటే ముంతను ముంత అనరు, 'అది' అని సరిపెడతారు. "గది ఇటియ్యి," "గది కడిగినవా?" అంటారు. సాలెవాళ్లందరి ఇళ్లలోనూ అంతే అనుకున్నాను. ఎందుకని మా ఇంటామె కాపురానికి వచ్చిన కొత్తలో అడిగితే, పేరు పెట్టి పిలిస్తే ముంత అలుగుతుందని, అలిగితే పాలు విరుగుతాయని చెప్పాను. ఆమె పాపం ఇరవై ఏళ్లుగా పాటిస్తోంది.

ఎర్రవల్లి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మస్తు మాటకారివే తమ్మీ" అంది. నేను నూలు మీది నుంచి చెయ్యి తీశాను.

"ముంతతోనైతె నేపిస్త బిడ్డా" అన్నాడు బాపు. "తెలిసి తెలిసి ముంత లేకుండ నేపియ్య. చెయ్యి ఒప్పదు."

ఆమె గోడ వైపు చూసింది. "సరే, ముంత ఉండనియ్యి. మా బిడ్డ మోయలేందా ఏంది?" అని నూలు మూట బాపు ముందుకు జరిపింది. "మరి గోడ మీదిది ఇస్తరా? తీస్కపోయి మా ఇంట్ల కట్టుకుంట."

"తప్పును అమ్ముడు లేదు" అన్నాడు బాపు.

"పొయ్యిల పెట్టుడు గూడ లేదు" అంది అవ్వ. "దాంట్ల సగం తప్పు నాది. నా సగం గోడ మీదనే ఉంటది."

పొద్దు గూకింది. గుడ్డ గోడ మీదే ఉంది. బాపు దాని ముందుకు వచ్చి, "సరే, ఉండనియ్యి" అన్నాడు. "గని ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పాలె. ఒక్క గప్పం కొట్టినవంటె నిన్నే పొయ్యిల పెడుత." ఒప్పుకున్నాను.

ఆ చీర నేసినన్నాళ్లూ బాపు మగ్గం పక్కన కూర్చుని పాదం, కుచ్చిళ్లు, నడుము అంటుంటే నేను పోగులు దూర్చాను. లోపల అవ్వ, మా ఇంటామె పెదవి విప్పేవాళ్లు కాదు. అంచు పొడుగునా ఒక్క ముంత తప్పలేదు. ఆ రోజుల్లోనే వీధి చివరి పెద్దమనిషి మళ్లీ బట్ట తెచ్చాడు. బాపు వేలు ఆగింది. "గీడ పోగు పోయింది" అన్నాడు. పెద్దమనిషి అలవాటుగా తలెత్తాడు. "చూడు చూడు" అన్నాడు బాపు. "గాడ నాది పోయింది. గీడ నీది పోయింది. విప్పి నెయ్యి." ఆయన బట్ట చంకన పెట్టుకుని పోయాడు.

మాట నిలబెట్టుకోవడం నాకే కష్టమైంది. ఎవరడిగినా పాదం, కుచ్చిళ్ల నుంచి మొదలుపెట్టి, గూట్లో ముంత దాకా, జరిగింది జరిగినట్టు చెప్పేవాణ్ణి. ఒక్కరూ నమ్మలేదు. మిరుదొడ్డి నుంచి నూలు సంగతి కనుక్కుందామని వచ్చిన నేతగాడొకాయన అంతా విని, తల అడ్డంగా ఊపాడు.

"మాట అంటె ముంత పోతదా అన్నా? నన్ను పిచ్చోణ్ణి చెయ్యకు. పిల్లి నాకిందట గద. మా ఊళ్లె అందరికి తెలుసు."

"ఒట్టు. గిదే నిజం" అన్నాను. "కావాలంటె మా బాపును అడుగు."

బాపు ఆ పక్కనే ఎవరిదో బట్ట ఒళ్లో పరుచుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. మిరుదొడ్డి ఆయన అటు తిరిగాడు. "ఏం పెద్దయ్యా, నిజమేనా?"

బాపు వేలు అంచు వెంట నడుస్తూనే ఉంది.

"నల్ల పిల్లి" అన్నాడు.