మేడం నెత్తినేసుకున్న తప్పు

చప్పట్లు కొట్టీ కొట్టీ విసుగొచ్చింది నాకు. ఎన్నేళ్ల నుంచో గొంతులో అడ్డంపడి, మింగలేక కక్కలేక మోస్తున్న మాట ఒకటుంది. ఇవాళ మీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడక్కండి.

నిన్న నల్గొండలో మా మేడంకు సన్మానం చేశారు. మా ప్రాంతంలో ప్రోటీన్ల మీద పరిశోధన మొదలుపెట్టిందే ఆవిడ. రెండు బల్లలూ ఒక పాత ఫ్రిజ్జూ ఉన్న కాలేజీ గదిలో కూర్చుని, ఉలవల నుంచి ఒక ప్రోటీన్‌ను విడదీశారు. చల్లగా ఉంచితే అది ఏడాదైనా పాడవదని వ్యాసం రాశారు. పెద్ద ల్యాబులవాళ్లు నమ్మలేదు. నిన్న మైకు పట్టుకున్న ప్రతివాడిదీ ఒకటే పాట: తన మాట తప్పని తేలగానే నలుగురిలో ఒప్పుకున్న గొప్ప మనిషి అని! వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

అప్పట్లో నేను ఆవిడ దగ్గరే పరిశోధన చేస్తున్నాను. వ్యాసంలో రాసింది రుజువు చేయడానికి ఏడాదిగా దాచిన ప్రోటీన్ సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మేడం ఊళ్లో లేరు. రాష్ట్రం వచ్చాక కాలేజీల్లో బతుకమ్మ జోరు మీకు తెలుసు కదా. మా డిపార్ట్‌మెంటు బతుకమ్మే అందరికంటే ఎత్తుండాలని నాకు పంతం. ముందురోజే తెప్పించిన తంగేడు పూలు వాడిపోతాయని భయం. ఏం చేశాను? సీసాలు తీసి బల్లమీద పెట్టి, ఫ్రిజ్ నిండా పూలు కుక్కాను. మర్నాడు బతుకమ్మ పేర్చి, ఆడి, పాడి, సాగనంపి ఇంటికెళ్లిపోయాను. ఆ తర్వాతి పొద్దున గుర్తొచ్చి సీసాలు లోపల పెట్టేశాను. చూడటానికి ఎప్పటిలాగే ఉన్నాయి. బహుమతి కూడా మాకే వచ్చింది, ఛీ.

మేడం వచ్చి పరీక్షిస్తే ప్రోటీన్ పనిచేయలేదు. మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

"ఫ్రిజ్ గిట్ల ఎవరన్న తెరిచిర్రా బిడ్డా?"

"లేదు మేడం."

"మరి కరెంటు గిన పోయిందా? జర యాది చేసుకో."

"గిప్పుడు కరెంటేడ పోతాంది మేడం! ఒక్క నిమిషం గూడ పోలే."

"గట్లయితే తప్పు నాదే."

కరెంటు పోయిందని చెప్పొచ్చు కదా! నిజం చెప్పే ధైర్యం ఎలాగూ లేదు, కనీసం ఆవిడకు పనికొచ్చే అబద్ధమైనా నోటికి రాలేదేం? కరెంటు మీదికి నెట్టినా ఆవిడ ఇంకోసారి ప్రయత్నించేవారు. ఆ దారి కూడా నేనే మూసేశాను. వారం తిరక్కుండానే మేడం తన వ్యాసం వెనక్కి తీసుకున్నారు. కొద్దికాలానికి రిటైరయ్యారు. మళ్లీ ఏడాది దాచి చూసే అవకాశం ఆవిడకు లేకపోయింది.

ఒక్కోసారి ఆవిడ మీదే మండిపోతుంది. నన్నెందుకంత నమ్మాలి? గద్దించి అడిగితే చెప్పేసేదాన్ని కదా! చూశారా, ఇప్పుడు కూడా తప్పు ఆవిడ మీదికే తోస్తున్నాను. సిగ్గులేని బుద్ధి.

నిన్న సభలో వందన సమర్పణ నాదే. మేడం నిజాయితీ గురించి నేనే మాట్లాడాను. బాగా మాట్లాడానని మెచ్చుకున్నారు కూడా.

మీరు నన్ను క్షమించక్కర్లేదు. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? ఈ ముక్క ఒక్కటి బయటపడితే చాలు, ఊపిరాడుతుంది. ఆ ప్రోటీన్ పాడవలేదు. నేను పాడుచేశాను.