మా బేస్‌మెంట్‌లో తవ్వకం

జనవరి నెలలో, అదీ ఒంటారియోలోని లండన్‌లో, దోసెల పిండి పొంగి గిన్నె దాటి గట్టు మీదికి కారిందంటే ఆ ఇంట్లో ఏదో జరగకూడనిది జరుగుతోందని అర్థం. ఇక్కడ చలికాలంలో పిండి పులవాలంటే అవెన్‌లో లైటు వేసి, గిన్నె లోపల పెట్టి, దేవుడి మీద భారం వేసి కూర్చోవాలి. ఆ రాత్రి మా ఆవిడ గిన్నెను గట్టు మీదే మరిచిపోయి పడుకుంది. పొద్దున్న చూస్తే పిండి మూత నెట్టేసుకుని స్టవ్ దాకా పాకింది.

"ఏవండీ, ఇలా రండి! అచ్చం మన ఊళ్లో పొంగినట్టు పొంగిందండీ," అని ఆవిడ చిన్నపిల్లలా సంబరపడిపోయింది.

నాకు సంబరం కలగలేదు, అనుమానం వచ్చింది. మన దేశంలో నేను ఉద్యోగం చేసింది విద్యుత్ శాఖలో, అందులోనూ చాలాకాలం కరెంటు దొంగతనాలు పట్టుకునే విభాగంలో. తీగల మీద కొక్కేలు వేసి మోటార్లు నడిపేవాళ్లని, మీటరుకి అయస్కాంతం అంటించి అమాయకంగా మొహం పెట్టేవాళ్లని లెక్కలేనంత మందిని చూశాను. వేడి ఊరికే పుట్టదు. ఎక్కడో యూనిట్లు కాలుతున్నాయి, ఆ యూనిట్లకి డబ్బు నేను కడుతున్నాను.

కోటు తొడుక్కుని ఇంటి చుట్టూ తిరిగాను. మూడు వైపులా మంచు మోకాలి లోతున ఉంది. నాలుగో వైపు, బేస్‌మెంట్ కిటికీ కింద మాత్రం చాపంత మేర మంచు లేదు. గడ్డి కనిపిస్తోంది. పక్కింటి పిల్లి ఆ గడ్డి మీద హాయిగా కాళ్లు చాపుకుని పడుకుంది. నన్ను చూసి కూడా లేవలేదు.

మా బేస్‌మెంట్‌లో అద్దెకున్నది ఒక రష్యన్ ఆవిడ. నలభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటోంది. వాళ్ల సైబీరియాలో పళ్ల డాక్టరు. ఇక్కడ మాత్రం ఒక క్లినిక్‌లో అసిస్టెంటు. డాక్టరు పన్ను తొలుస్తుంటే రోగి నోట్లోని ఉమ్మిని గొట్టంతో లాగే పని. అద్దె మాట్లాడుకున్నప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న, "హైడ్రో కూడా ఇందులోనేనా?" అని. ఇక్కడ కరెంటుని హైడ్రో అంటారు. నేను గొంతు సవరించుకునే లోపే మా ఆవిడ అందుకుని, "ఇందులోనేలేమ్మా, ఒక్కదానివి ఎంత వాడతావు గనక," అనేసింది. అద్దెకొచ్చిన మనిషి దగ్గర లైటుకీ ఫ్యానుకీ లెక్కలు కట్టడం మా ఆవిడ దృష్టిలో లేకితనం. ఆ మాట అగ్రిమెంట్‌లోకి కూడా ఎక్కింది.

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. శరదృతువు నుంచీ కింద బట్టలారబెట్టే డ్రయ్యర్ తిరిగిన చప్పుడే వినలేదు. ఏదో హోరు మాత్రం వినిపిస్తూ ఉండేది, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఫ్యాను అనుకున్నాను. ఇక కనిపెట్టి తీరాల్సిందే. ఇక్కడ సొంత ఇల్లయినా అద్దెకిచ్చాక చెప్పాపెట్టకుండా దిగకూడదు, ముందురోజే కాగితం మీద రాసివ్వాలి. రాసి తలుపు సందులోంచి తోశాను. మర్నాడు ఆవిడ పని నుంచి వచ్చాక దిగాను.

లాండ్రీ గది తలుపు తెరవగానే మొహానికి మే నెల గాలి కొట్టింది. డ్రయ్యర్‌ని పక్కకి జరిపేసి ఉంది. దాని పెద్ద సాకెట్‌లో ఇంకేదో తీగ పెట్టి ఉంది. ఆ తీగ ఒక ప్లైవుడ్ పెట్టెలోకి వెళ్తోంది. పెట్టె చుట్టూ పాత బొంతలు చుట్టి, లోపలి నుంచి వెడల్పాటి గొట్టం ఒకటి బయటికి పెట్టి ఉంది. గొట్టంలోంచి వచ్చే గాలికి తాడు మీద ఆరేసిన బట్టలు ఊగుతున్నాయి.

"ఏంటిది?" అన్నాను. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే నడిచాయి, నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి.

"మైనింగ్," అంది. "క్రిప్టో."

తడబడలేదు, తల దించుకోలేదు. అదే నాకు మరీ ఒళ్లు మండించింది. నా అనుభవంలో దొంగ అన్నవాడు కాస్తయినా తడబడాలి.

పెట్టె తెరిచి చూపించింది. లోపల షూ డబ్బా కన్నా కాస్త పెద్ద యంత్రం, దానికి రెండు ఫ్యాన్లు. పగలూ రాత్రీ ఏవో లెక్కలు చేస్తూనే ఉంటుందట. ప్రపంచమంతా ఇలాంటి యంత్రాలు అవే లెక్కల వెంట పడతాయట. జవాబు దొరికినప్పుడు కొత్త నాణెం పుడుతుంది, కలిసి పనిచేసిన యంత్రాలన్నింటికీ తలా కాస్త ముడుతుంది. తవ్వకం అంటే ఇంతే. పారా లేదు, మట్టి లేదు. ఉన్నదల్లా నా కరెంటు.

"ఇది దొంగతనం," అన్నాను.

"హైడ్రో ఇందులోనే అని రాసి ఉంది కదా సర్."

"ఇంత వాడతావని రాసి లేదు."

"ఎంత వాడకూడదో కూడా రాసి లేదు."

నెలాఖరులోగా యంత్రమన్నా పోవాలి, నువ్వన్నా పోవాలి అని చెప్పి పైకి వచ్చేశాను. ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడటం మాత్రం మరిచిపోలేదు. వెచ్చగా ఉంది గానీ కాలడం లేదు. పని తెలిసిన మనిషే చేసిందని ఒప్పుకోవలసి వచ్చింది, ఆ ఒప్పుకోవడం నాకు సుతరామూ నచ్చలేదు.

మా ఆవిడ సంగతి విని, "వెళ్లగొట్టండి. కానీ ముందు ఈ పిండి ఎవరి వల్ల పొంగిందో వాళ్లకి రెండు దోసెలు పెట్టి అప్పుడు వెళ్లగొట్టండి," అంది. ఆవిడతో వాదించి నేను గెలిచిన దాఖలా లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆ రష్యన్ మనిషి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఫోర్కు పక్కన పెట్టేసి, చేత్తో దోసె తుంచుకుని తింది.

ఆ లోగా నేను ఇంటర్నెట్‌లో చదవగలిగినంత చదివాను. ఎక్కడ చూసినా వాళ్ల దేశం పేరే. అందుకే ఎదురుగా కూర్చుని విచారణ మొదలుపెట్టాను. "మీ రష్యావాళ్లకి ఈ పిచ్చేమిటి?"

ఆవిడ నవ్వలేదు, నొచ్చుకోలేదు కూడా. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ల ఊరి పక్కనే పెద్ద నది, దాని మీద పాతకాలంలో కట్టిన డ్యాము. ఇళ్లకి కరెంటు చవక. ఏడాదిలో సగం చలికాలం కాబట్టి యంత్రాన్ని చల్లబరచడానికి కిటికీ తెరిస్తే చాలు. మూతబడిన ఫ్యాక్టరీల్లో లావాటి కేబుళ్లు ఊరికే పడి ఉన్నాయి. లెక్కలు బాగా చదువుకుని సరైన జీతం లేని కుర్రాళ్లు వీధికి పదిమంది. వాళ్ల తమ్ముడు బాల్కనీలో రెండు యంత్రాలు పెట్టి, ఆ వేడిగాలిని హాల్లోకి తిప్పుకున్నాడట.

"ఇవన్నీ ఎలా చేస్తారన్నదానికి జవాబు. ఎందుకు చేస్తారని కదా నేనడిగింది," అన్నాను. విచారణలో ఇలాంటి జవాబులు నేను చాలా విన్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది. "మా అమ్మమ్మ జీవితమంతా బ్యాంకులో దాచుకున్న డబ్బు చివరికి ఒక జత బూట్ల ఖరీదయింది. మా నాన్న డబ్బు వేసిన బ్యాంకు ఒకరోజు తలుపు తియ్యలేదు. నేను ఇక్కడికి వచ్చే ముందు నా ఫ్లాటు అమ్మేశాను. ఆ డబ్బు అక్కడ బ్యాంకులో భద్రంగా ఉంది. కానీ ఇక్కడికి రాదు. కార్డు ఇక్కడ పనిచెయ్యదు. ఎవర్ని అడిగినా ఆంక్షలంటూ ఒక నియమం చూపిస్తారు. మా ఇంట్లో మూడు తరాలకీ డబ్బు చేతిలో ఉండగానే పోయింది సర్. అందుకని మావాళ్లకి ఎవరూ ఇవ్వక్కర్లేని, ఎవరూ ఆపలేని డబ్బంటే ఆశ. అది కొనుక్కునే డబ్బు లేనివాడు తయారుచేసుకుంటాడు."

నేను ఇంకో ప్రశ్న వెతుక్కుంటుంటే మా ఆవిడ తన చేతి గాజులు తడుముకుంటూ అంది, "మా అమ్మా అంతేనమ్మా. చేతిలో నాలుగు డబ్బులు పడితే బ్యాంకుకి వెళ్లేది కాదు, తిన్నగా కంసాలి దగ్గరికి వెళ్లేది." తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "మీకు అర్థం కాకపోతే నేను చెప్తానాగండి," అంది. అర్థమైందని చెప్పాను.

అసలు విషయం చివర్లో బయటపడింది. ఈ దేశంలో మళ్లీ పళ్ల డాక్టరు కావాలంటే బయటినుంచి వచ్చినవాళ్లు పరీక్షలు రాయాలి. రాత పరీక్ష ఆవిడ అప్పటికే గట్టెక్కింది. మిగిలింది చేతి పరీక్ష. బొమ్మ తలలో ప్లాస్టిక్ పళ్లు పెట్టి, వాటిని తొలిచి, నింపి చూపించాలి. దాని ఫీజు అసిస్టెంటు జీతంలో అద్దె, తిండి పోగా మిగిలేది కాదు. ఆ ఫీజు కోసమే పెట్టె. "రోజూ ఇంకొకరి డ్రిల్లు పక్కన నిలబడతాను. నా చేతులు మరిచిపోకముందే డ్రిల్లు పట్టుకోవాలి," అంటూ రెండు చేతులూ టేబుల్ మీద పెట్టింది. ఆ చేతుల్ని చూసి నా కోపం సగం చచ్చింది. మిగతా సగం మాత్రం బిల్లు దగ్గరే ఉంది.

అది ఆవిడా గ్రహించింది. "యంత్రానికి విడిగా మీటరు పెట్టండి. దాని కరెంటు నేను కడతాను," అంది. "కానీ చలికాలంలో సగమే కడతాను. వేడి మీరు వాడుకుంటున్నారు కాబట్టి."

"ఆ వేడి నేను అడగలేదు!"

"దోసె తిన్నారు కదా."

వాదన చీకటి పడే దాకా సాగింది. ఈ ఇల్లు గ్యాసుతో వెచ్చబడుతుంది, గ్యాసు వేడి చవక, కాబట్టి ఆవిడ వేడికి గ్యాసు వెలే కడతానన్నాను. ఆవిడ ఫోనులో లెక్క తీసింది, నేను కాగితం మీద తీశాను. ఇద్దరం ఒక అంకె దగ్గర ఆగాం. నా సర్వీసు మొత్తంలో నాతో ఇంత గట్టిగా, ఇంత న్యాయంగా బేరమాడిన మనిషి లేడు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరు పెట్టించాం. అతను పనిచేసినంతసేపూ నేను పక్కనే నిలబడి ఆ పిల్లవాణ్ణి విసిగించాను.

నెలకోసారి ఇద్దరం కలిసి మీటరు చూసేవాళ్లం. ఏప్రిల్ వచ్చేసరికి మంచు కరిగింది, చలికాలం తగ్గింపు పోయింది, నాణెం ధర కూడా పడింది. అప్పుడు నేనే చెప్పాను, "ఇక ఆపెయ్యి. కరెంటు ఖర్చు కూడా రావట్లేదు."

"తెలుసు," అంది. "అందుకే వచ్చినవి అమ్మడం లేదు. ధర లేచేదాకా ఉంచుతాను."

"లేవకపోతే?"

"పోగొట్టుకోవడం నాకు అలవాటే కదా."

వాదించాను, అరిచాను, అంకెలు చూపించాను. వినలేదు. వారాంతాల్లో ఇంకో క్లినిక్‌లో పని పట్టింది, కరెంటు డబ్బు మాత్రం అణాపైసలతో సహా కట్టింది. ఖాళీ దొరికితే కింద బల్లకి ప్లాస్టిక్ దవడ ఒకటి బిగించి తొలుస్తూ ఉండేది. మొండితనంలో నన్ను మించినవాళ్లు ఉంటారని నేను అనుకోలేదు. చివరికి ధర లేచింది. ఆవిడ నాణేలు అమ్మి ఫీజు కట్టింది. పరీక్షకి వెళ్లేరోజు మా ఆవిడ ఎదురొచ్చి చేతిలో పెరుగూ చక్కెరా పెట్టింది. రష్యన్ ఆవిడ అదేమిటని అడక్కుండా నోట్లో వేసుకుని వెళ్లింది.

ఫలితం వచ్చిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఒక శనివారం పొద్దున్న ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. కింద హోరు లేదు. మా ఆవిడ ఉప్మా పట్టుకెళ్లింది. పట్టుకెళ్లినట్టే తెచ్చేసింది. "తప్పిందటండీ. ఒక్క పన్ను దగ్గర. మాట్లాడటం లేదు," అని చెప్పి వంటింట్లో అటు తిరిగి నిలబడింది.

ఆ రోజు కాగితం రాయలేదు, అనుమతి అడగలేదు. తిన్నగా దిగాను. యంత్రం ప్లగ్గు పీకేసి ఉంది. తీగ చక్కగా చుట్టి, అమ్మకానికి ఫోటో తీయడానికన్నట్టు యంత్రాన్ని పెట్టెలోంచి బయట పెట్టింది. ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉంది. ఆ చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. ఈ యంత్రాన్ని నా ఇంట్లోంచి పంపించెయ్యాలని నేనెంత పట్టుబట్టానో, ఇప్పుడు ఇది కదలకూడదని అంత పట్టుదల వచ్చింది.

"మళ్లీ ఎప్పుడుంది పరీక్ష?" అన్నాను.

"వచ్చే ఏడాది."

"అయితే ఇప్పుడే మొదలుపెట్టాలి." యంత్రాన్ని ఎత్తి పెట్టెలో పెట్టాను. అది నేననుకున్నదానికంటే బరువుగా ఉంది. ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. "ఈ ఏడాది కరెంటు నాది. మీటరు సంగతి వదిలెయ్యి."

ఆవిడ లేచి వచ్చింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. నా చేతిలోంచి ప్లగ్గు మెల్లగా తీసుకుంది.

"వద్దు సర్. మీరు ఇస్తే మీరు ఆపగలరు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ వంగి మీటరు అంకె చూసి, నన్ను కూడా చూడమంది. చూశాను. అప్పుడు తన చేత్తోనే ప్లగ్గు పెట్టింది.