నాయనమ్మ ఎర్రచీర

బీరువాలోంచి ఇప్పుడే తీసిన ఈ ఎర్రచీర మీద, దీని మడతల్లోని కలరా ఉండల వాసన మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

కాజీపల్లిలో మా మిద్దె మీద ఎండాకాలమంతా పండుమిరపకాయలూ సగ్గుబియ్యం వడియాలూ ఆరేవి. గాలి అటు తిరిగితే ఫ్యాక్టరీల ఘాటు, ఇటు తిరిగితే మిరప ఘాటు. పిల్లలం రెండింటికీ తుమ్ముతూ, పచ్చి వడియాలు దొంగిలించి నాలుక్కి అతికించుకుంటూ, కాకుల్ని తోలే నెపంతో పొద్దంతా అక్కడే ఉండేవాళ్లం. దగ్గర్లోని వైమానిక అకాడమీ శిక్షణ విమానాలు ఎంత కిందుగా పోయేవంటే, ఒకసారి మా వడియమొకటి రెక్కకు అంటుకుని పోయింది. ఆ చప్పుడు వినగానే నాయనమ్మ పోశవ్వ లేచి నిలబడి ఎర్రచీర కొంగు ఊపేది.

"ఎవ్వలి కొడుకో, మొగులు మీద ఒక్కడే పోతుండు. కింద మనిషున్నదని తెల్వాలె గద!"

పక్కింటి లింగయ్యకు అదొక వేడుక. "ఓ పోశవ్వా, గంత మీదికెల్లి నువ్వు చీమ లెక్క గూడ కానరావు. పిచ్చిదనుకుంటరు" అని వీధంతా వినేలా అనేవాడు.

ఒక వేసవిలో ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. విమానం వచ్చినా లేవలేదు. మర్నాడు మా వీధి పిల్లలందరినీ లారీలో విమానాల ప్రదర్శనకు తీసుకెళ్తున్నారనీ, యుద్ధంలో పోరాడిన పైలట్లు వస్తారనీ తెలిసి, నా జేబులో వేయించిన వడియాలు పోసి చెప్పింది: "గవి నడిపినోళ్లనే అడుగు బిడ్డా. కానరానంటే ఇగ ఊప."

అక్కడ చూసినదానికి ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. షామియానా కింద పైలట్ల పేర్లు అతికించిన కుర్చీల్లో ముఖ్య అతిథిగా రావాల్సిన నాయకుడి మనుషులు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. శత్రువుల తూటాల మధ్య నుంచి బతికొచ్చిన నలుగురు తలనెరిసిన పెద్దమనుషులేమో మండుటెండలో వరుసగా నిలబడ్డారు, అందులో ఒకాయనకు చేతికర్ర కూడా. అందరి చేతుల్లో బంతిపూల దండలు. వాళ్లకు వేయడానికి కాదు, ఇంకా రాని నాయకుడి మెడలో వాళ్లు వేయడానికి! యుద్ధం చేసినవాడు దండ పట్టుకుని నిలబడాలట, ఇస్త్రీ చొక్కావాడు వచ్చి మెడ వంచుతాడట. ఇదెక్కడి మర్యాద!

జనానికి అడ్డంగా కట్టిన తాడు కింద దూరి చేతికర్ర ఆయన్ను అడిగాను. దండతో సహా వంగి విని, "ఎర్ర రంగే అన్నిటికంటే ముందు కనిపిస్తుంది బేటా. పైన ఒక్కడినే ఉన్నప్పుడు అలాంటిదొకటి కనిపిస్తే చాలు. ఊపమని చెప్పు" అన్నారు.

అది చెప్పగానే నాయనమ్మ మిద్దెక్కింది. బతికినన్నాళ్లూ ఊపింది. చివరికి లింగయ్యే "పోశవ్వా, అగో వస్తుంది, జల్దీ లెవ్వు" అని కేకేసేవాడు.

ఇప్పుడు మేముండేది పోతిరెడ్డిపల్లిలో, ఐదో అంతస్తు. మిద్దె మీద నీళ్ల ట్యాంకులు, తలుపుకు తాళం. విమానం పోతే తలెత్తే మనిషి లేడు.

ఒట్టు ఆమె చీర మీద పెట్టాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. వడియం ఏ రెక్కకూ అంటుకోలేదు. ఆ పెద్దాయన చెప్పబోతుండగానే ఒకడు "ఏయ్ పోరగా, లైన్లకెల్లి జరుగు" అని నా కాలరు పట్టి ఈడ్చేశాడు. ఆయన పెదవులు కదిలాయి గానీ మైకు మోతలో ఒక్క ముక్క వినపడలేదు. ఆ జవాబు లారీలో వస్తూ నేను అల్లింది. అదే నా మొదటి అబద్ధం.

దండల సంగతి మాత్రం కల్పన కాదు. అంత నీచంగా ఊహించడం నాకు ఇప్పటికీ చేతకాదు.